విండ్ సెన్సర్ బ్యాటరీ మీద ప్లాస్టిక్ ముక్క కూడా తీయకుండా బిగించి వెళ్లారు: ఆనింగ్ కొనేవాళ్లు జాగ్రత్త

ఆనింగ్ అమ్మినవాళ్ల మనిషి ఇప్పుడే వచ్చి వెళ్లాడు. కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. ముందూ వెనకా సర్దుకునే ఓపిక లేక ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నాను. సిటౌట్ మీదకి రిమోట్‌తో తెరుచుకుని ముడుచుకునే ఆనింగ్, అంటే నీడకి వేసే గుడ్డ చూరు, కొందామనుకుంటున్నవాళ్లు దయచేసి చదవండి. అమ్మినవాళ్ల పేరు రాయను. వాళ్ల దగ్గర కొన్నవాళ్లకి నాలుగు వాక్యాలు చదివేసరికే తెలిసిపోతుంది.

ఆనింగ్‌తో పాటు విండ్ సెన్సర్ కూడా తీసుకున్నాం. "గాలి పెరిగితే అదే మూసుకుంటుంది, మీరు ఇంట్లో లేకపోయినా టెన్షన్ అక్కర్లేదు" అన్నారు. బిల్లులో సెన్సర్ అమర్చి ప్రోగ్రామింగ్ చేసినందుకు విడిగా డబ్బు కూడా వేశారు. మొన్న ఈదురుగాలి వచ్చినప్పుడు ఆనింగ్ పూర్తిగా తెరిచి ఉంది, మూసుకోలేదు. గుడ్డ కింద గాలి నిండి దాని అంచున ఉండే ముందు బార్ పైకి లేచి ధడేలుమని పడింది. మళ్లీ లేచింది. ఈసారి ఎడమ ఆర్మ్, అంటే బార్‌ని ముందుకి చాచి పట్టుకునే మడత చెయ్యి, మడత దగ్గర విరిగింది, ఆ పక్క బ్రాకెట్ ప్లాస్టరింగ్‌తో సహా గోడలోంచి ఊడొచ్చింది. దాని కిందే అమ్మ రోజూ కూర్చునే కుర్చీ. ఫోన్ మోగిందని అప్పుడే లోపలికి వచ్చింది కాబట్టి బతికిపోయాం.

ఇక ఈరోజు సంగతి. ముందు బార్ ఒక పక్కకి వేలాడుతుండడంతో దానికి బిగించిన సెన్సర్ నా కళ్లకి ఎదురుగానే ఉంది. ఆ మనిషి దాని మూత తీశాడు. బ్యాటరీకీ రేకుకీ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క. కొత్త రిమోట్లలో, బొమ్మల్లో ఉంటుంది చూడండి, వాడే ముందు లాగేసేది, అదే. అతను ఒకసారి నావైపు చూశాడు. ఆ ముక్క లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. బటన్ నొక్కాడు, లైటు వెలిగింది. "చూశారా మేడం, సెన్సర్ పనిచేస్తోంది. గాలే మరీ ఎక్కువొచ్చింది" అన్నాడు.

"జేబులో వేసుకున్నది ఏంటి?" అని అడిగాను.

"ప్యాకింగ్ మేడం."

"ప్యాకింగే అయితే నాకివ్వండి."

"దాంతో మీరేం చేసుకుంటారు మేడం?"

ఇవ్వలేదు. నా ముందే, నా ఇంట్లో నిలబడి, నేను కళ్లారా చూసినదాన్ని లేదనిపించాలని చూశాడు. నష్టం కన్నా నాకు ఇదే ఎక్కువ మండిపోతోంది. వాళ్ల మేనేజర్‌కి ఫోన్ చేస్తే, "సెన్సర్ ఉన్నా గాలొస్తే మూయాల్సిన బాధ్యత కస్టమర్‌దే, మాన్యువల్ చదవండి" అని మధ్యలోనే పెట్టేశాడు.

అతను మాన్యువల్ గురించి చెప్పింది నిజమే. ముందు బార్‌కి పెట్టే సెన్సర్ గాలి వేగాన్ని కొలవదు, బార్ ఊగడాన్ని పసిగడుతుంది. కాసేపు ఊగాక మోటారుకి సంకేతం పంపుతుంది. మూసుకోవడానికి మరికొంత సమయం. ఒక్కసారిగా విరుచుకుపడే గాలికి అది అందుకోలేదు. కరెంటు లేకపోతే అసలు ఏమీ చేయలేదు. మరి ఈ మాట అమ్మేటప్పుడు ఎందుకు చెప్పలేదు? అప్పుడు "టెన్షన్ అక్కర్లేదు", ఇప్పుడు "మాన్యువల్ చదవండి". పైగా మా సెన్సర్‌కి ఆలస్యమయ్యే అవకాశం కూడా లేదు, బిగించిన రోజు నుంచీ దానికి కరెంటే అందలేదు. మోటారుతో జత చేయడం అసలు జరగనే లేదన్నమాట.

గాలి ఎంతవరకు తట్టుకుంటుందని అడిగితే "ఎంతైనా" అన్నారు. అలా అనేవాళ్ల దగ్గర కొనకండి. ఆనింగ్‌లకి ఈఎన్ 13561 అనే యూరప్ ప్రమాణం ఉంది. అందులో క్లాస్ 1 అంటే గంటకి సుమారు 28 కిలోమీటర్ల గాలి వరకు, క్లాస్ 2 అంటే 38 వరకు, క్లాస్ 3 అంటే 49 వరకు.  గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆ క్లాసులో చెప్పినంత తట్టుకోవడం కూడా బిగింపు సరిగ్గా ఉంటేనే. మా బ్రాకెట్ బోల్టులు సగం ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోయాయని గోడలో పడ్డ గుంత చూస్తే తెలుస్తోంది. అవి లోపలి ఇటుకలోకో కాంక్రీటులోకో గట్టిగా దిగాలి.

ఇంకో విషయం చూసి నాకు గుండె ఆగినంత పనైంది. విరగని కుడి ఆర్మ్‌ని తాడుతో కట్టకుండానే ఆ వచ్చిన మనిషి బోల్టు విప్పబోయాడు. ఆ ఆర్మ్‌ల లోపల స్ప్రింగులు బిగుతుగా లాగిపెట్టి ఉంటాయి. వదిలేస్తే ఒక్కసారిగా తెరుచుకుని మనిషిని విసిరికొడతాయి. 2019లో అమెరికాలో మోటారు ఆనింగ్‌ల మీద వేసే కవర్లు సుమారు 2,70,000 వెనక్కి పిలిపించారు. కవర్‌కి కట్టిన సాగే తాళ్లు తీస్తుంటే ఆనింగ్ హఠాత్తుగా తెరుచుకుని తగిలేది, ఒక ప్రాణం కూడా పోయింది. నేను అరిస్తే అతను ఆగాడు. ఆర్మ్ అలాగే ఉంది, దాని కిందకి ఎవరినీ వెళ్లనివ్వడం లేదు. ఇప్పుడు కొత్త ఆర్మ్ డబ్బు కూడా మమ్మల్నే కట్టమంటున్నారు. కట్టం. ఫోటోలు, బిల్లు, అతను ముక్క జేబులో వేసుకున్నాడన్న మాట అన్నీ కలిపి రాతపూర్వకంగా పంపించాను.

కొనేవాళ్లకి, కొన్నవాళ్లకి: బిగించినవాళ్లు వెళ్లకముందే ముందు బార్‌ని మీ చేత్తో ఊపి ఆనింగ్ దానంతటదే మూసుకోవడం చూడండి, మూసుకోకపోతే సంతకం పెట్టొద్దు. కరెంటు పోయినప్పుడు తిప్పి మూసే హ్యాండిల్ మీ మోటారుకి ఉందా అడగండి, ఉంటే చేతికందే చోట పెట్టండి. ఇంట్లోంచి వెళ్లేటప్పుడు, పడుకునేటప్పుడు మూసేయండి, సెన్సర్ ఉన్నా సరే. వానకి తెరిచి ఉంచాలంటే వాలు కనీసం 14 డిగ్రీలు ఉండాలి, లేకపోతే గుడ్డ మీద నీళ్లు నిలిచి ఆ బరువంతా ఆర్మ్‌ల మీద పడుతుంది. తడిసినదాన్ని మూయాల్సి వస్తే తర్వాత తెరిచి ఆరబెట్టండి, లేకపోతే బూజు పడుతుంది. సెన్సర్ మూత ఇవాళే ఒకసారి తీసి చూడండి.