చిన్న ఆఫీసుకు ఏది మేలు: ఏబీసీ పొడి సిలిండరా, కార్బన్ డయాక్సైడ్ సిలిండరా?

పాతిక ముప్పై మంది పనిచేసే ఆఫీసుకు మంటలార్పే సిలిండర్లు కొనేటప్పుడు సాధారణంగా రెండు రకాలే ముందుకు వస్తాయి. ఒకటి మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ పొడి నింపిన ఏబీసీ సిలిండర్ (ఏ, బీ, సీ అంటే ఘన వస్తువులు, ద్రవాలు, గ్యాసుల మంటలు), రెండవది కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. ఆఫీసు నిండా కంప్యూటర్లే ఉంటాయి కనుక వాటిని పాడుచేయని కార్బన్ డయాక్సైడే కొనమని చాలామంది సలహా ఇస్తారు. ఆ సలహాలో నిజం ఉన్నా, దానినే పట్టుకొని ఆఫీసంతటా ఆ ఒక్క రకాన్నే తగిలించడం ప్రమాదకరమని నా అభిప్రాయం.

ఆఫీసులో తగలబడేవి కంప్యూటర్లు మాత్రమే కావు. కాగితాలు, కర్టెన్లు, చెక్క పార్టిషన్లు, కుర్చీలలోని స్పాంజి వాటికంటే సులభంగా అంటుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ గాలిని తరిమి పైమంటను ఆర్పుతుందే తప్ప లోపలి వేడిని పెద్దగా తగ్గించలేదు. అందువల్ల ఆరిపోయిందనుకున్న కాగితాల కట్టలో మిగిలిన నిప్పు, గ్యాసు చెదిరి గాలి తగలగానే మళ్లీ రాజుకుంటుంది. ఏబీసీ పొడి మంటలోని రసాయన చర్యను అడ్డుకోవడమే కాక, వేడికి కరిగి మండే వస్తువుపై పూతలా పరుచుకుంటుంది కాబట్టి ఇటువంటి వాటిపై బాగా పనిచేస్తుంది. పెట్రోలు, థిన్నర్ వంటి ద్రవాల మంటలకూ పనికివస్తుంది.

అయితే సర్వర్ గదిలోనూ, కరెంటు ప్యానెల్, యూపీఎస్‌ల దగ్గరా కార్బన్ డయాక్సైడ్‌దే పైచేయి. రెండింటిలో దేనిగుండానూ కరెంటు పారదు గానీ, పొడి పరికరాల లోపలికి చేరి, తేమ తగిలితే లోహపు భాగాలను తినేస్తుంది. ఏది వాడినా వీలైతే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి, లేకపోతే ఆరిన మంట తిరిగి అంటుకోవచ్చు.

వాడే మనిషి వైపు నుంచి చూస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ దూరం పోదు, మంటకు బాగా దగ్గరగా వెళ్లాలి, భయపడిన ఉద్యోగికి అది కష్టం. గ్యాసు దాదాపు మైనస్ 78 డిగ్రీల చలితో వెలువడుతుంది కనుక అది బయటికి వచ్చే నల్లటి గరాటును వట్టి చేత్తో పట్టుకోకూడదు. చిన్న గదిలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి వాడిన వెంటనే బయటకు వచ్చి తలుపు మూయాలి. పొడి కొంత దూరం నుంచే అందుతుంది, కానీ గదంతా తెల్లటి పొగమంచులా కమ్మి చూపును అడ్డుకుంటుంది. అందుకే తలుపు వీపు వెనుక ఉండేలా నిలబడి, పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టి, హ్యాండిల్ నొక్కుతూ అటూ ఇటూ ఊపాలి.

కాబట్టి హాలుకూ, బయటికి వెళ్లే దారులకూ పొడి సిలిండర్లు, కరెంటు పరికరాల చెంత కార్బన్ డయాక్సైడ్ ఉంచడం సరైనది. ఒక్క రకమే కొనగలిగితే నేను పొడినే ఎంచుకుంటాను. ఎక్కడ నిలబడినా 15 మీటర్లలోపు ఒక సిలిండర్ అందాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2190 చెబుతోంది. ప్యాంట్రీలో నూనె మూకుడు అంటుకుంటే మాత్రం ఈ రెండూ సరికావు. స్టవ్ ఆపి, మూత పెట్టాలి.

ఆరు కిలోల పొడి సిలిండర్ అర నిమిషంలోపే ఖాళీ అవుతుంది. ఆ లోపు మంట లొంగకపోయినా, పొగ దట్టమైనా బయటికి నడవాలి, 101కు ఫోన్ చేయాలి. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువ ఉద్యోగులను బలిగొన్నది పొగే, పొగను ఏ సిలిండరూ ఆపజాలదు.

నిర్వహణలో పొడి సిలిండర్‌కు ఒత్తిడి చూపే మీటరు ఉంటుంది, ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో ఎవరైనా చూడగలరు. కార్బన్ డయాక్సైడ్‌కు మీటరు ఉండదు, తూకం వేసి, గ్యాసు బరువు పది శాతం తగ్గితే నింపించాలి. పొడిని ఒక్క క్షణం వాడినా వాల్వులో రేణువులు ఇరుక్కొని ఒత్తిడి కారిపోతుంది కనుక, మిగిలిందని గోడకు తిరిగి తగిలించకుండా వెంటనే రీఫిల్‌కు పంపాలి.