కలరింగ్ బుక్కా, తెల్లకాగితమా?

మూడు, నాలుగేళ్ల పిల్లలకి కలరింగ్ బుక్ కొనాలా, పెయింట్లు ఇవ్వాలా? ప్రీస్కూల్లో పాఠాలు చెప్పే నన్ను జూన్ వచ్చిందంటే తల్లులంతా ఇదే అడుగుతారు. ఈమధ్య మా మనవరాలి కోసం నేనే తేల్చుకోవాల్సి వచ్చింది.

కలరింగ్ బుక్‌ని తీసిపారేయలేం. గీత దాటకుండా వేయాలంటే చూపూ చెయ్యీ కలిసి పనిచేయాలి. కూర్చుని ఒక పేజీ పూర్తిచేసే ఓపిక వస్తుంది. ఇల్లు మరకలు కాదు. కాకపోతే చిలుక ఎలా ఉండాలో ముందే ఎవరో గీసిపెట్టారు, పిల్లకి మిగిలింది నింపడమే.

తెల్లకాగితం ఇస్తే ఏం వేయాలో, ఎక్కడ ఆపాలో తనే తేల్చుకోవాలి. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. మొన్న మా మనవరాలు పసుపు మీద నీలం పూసింది. ఆకుపచ్చ రాగానే "అమ్మమ్మా, చూడు!" అని ఒకటే కేక. వెంటనే ఎరుపూ కలిపింది, అంతా బురద రంగయింది. కాసేపు దాన్నే చూసి, ఇంకో కాగితం తీసుకుని మళ్లీ పసుపూ నీలమే వేసింది, ఈసారి పసుపు ఎక్కువ. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. గీతల మధ్య రంగు నింపేటప్పుడు ఈ అవకాశం చాలా తక్కువ.

పెయింట్లు లేకపోయినా ఫర్వాలేదు. పసుపు నీళ్లు పూసిన కాగితం ఆరాక, వంటసోడా నీళ్లలో ముంచిన బ్రష్‌తో గీయనివ్వండి. గీత ఎర్రబారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేదీ ఇలాగే.

ఈ వయసు పిల్లలు తలకే కాళ్లు తగిలించి "అమ్మ" అంటారు. దయచేసి దిద్దకండి, మొండెం కొన్నాళ్లకి అదే వస్తుంది. "ఇదేంటి?" అనే బదులు "దీని గురించి చెప్పు" అనండి, ఎన్ని మాటలు వస్తాయో!

స్కెచ్ పెన్నులు సరదాకి బాగుంటాయి. ట్యాబ్‌లో బొమ్మలు వేయించడం ఈ వయసుకి నేను చెప్పను. చపాతీ పిండి ముద్ద ఎప్పుడైనా మంచిదే.

పన్నెండు రంగుల పెట్టె అక్కర్లేదు. ఎరుపు, పసుపు, నీలం, ఒక లావు బ్రష్, నేల మీద పాత న్యూస్‌పేపర్లు చాలు. రంగులు కడిగితే పోయేవీ, పిల్లలకి హాని చేయనివీ అని డబ్బా మీద చూసుకోండి. మేం ఇవే కొన్నాం. కలరింగ్ బుక్ రైలు ప్రయాణాల సంచిలో ఉంటుంది.