గరువు భూమికి ఏది మేలు: సరుగుడా, జామాయిలా, జీడా?

వేసవి చివరికొచ్చేసరికి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే అడుగుతాయి: "వానలు పడేలోగా గోతులు తియ్యాలి, గరువులో ఏం వెయ్యమంటారు?" గరువంటే మా వైపు వానాధారపు మెట్ట నేల. అడిగేవాళ్లలో ఎక్కువమంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని పూసపాటిరేగ, భోగాపురం, రణస్థలం వైపువాళ్లు. గోగు వెయ్యడం మానేశారు, వేరుశనగ పీకడానికి కూలీలు దొరకడం లేదు, పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్నారు. చెట్లు పెట్టేస్తే రోజూ చూసుకునే పని తప్పుతుందని వాళ్ల ఆలోచన. ఈ ఏడు నా రెండెకరాల సరుగుడు తోట కొట్టించాను కాబట్టి నాకూ అదే ప్రశ్న ఎదురైంది. ఏం తేల్చుకున్నానో, ఎందుకు తేల్చుకున్నానో రాస్తున్నాను.

టన్ను ధర ఎంత, మొక్క ఎంత అన్నవి ఏటికేడు మారిపోతాయి, ఎవరిని అడిగినా చెబుతారు. నేను మొదట చూసేది వేరే: తోట కొట్టి, లారీ ఎక్కించి పంపాక నా నేలలో ఏం మిగిలింది? గరువులో చెట్టు వేసే రైతుకి ఇంతకంటే పెద్ద లెక్క లేదని నా నమ్మకం.

ఈ లెక్క అర్థం కావాలంటే ఇంట్లో ఒక పని చేసి చూడండి. బాగా ఎండిన సరుగుడు కర్ర కిలో, ఎండిన సరుగుడు ఆకు కిలో, విడివిడిగా శుభ్రమైన రేకు మీద కాల్చండి. కర్ర కాలిపోయాక మిగిలే బూడిద గుప్పెడు కూడా ఉండదు. ఆకు బూడిద దానికి కొన్ని రెట్లు ఉంటుంది. నేల నుంచి చెట్టు తీసుకున్న సున్నం, పొటాష్, భాస్వరం మిగిలేది ఆ బూడిదలోనే. తక్కినదంతా గాలి, నీరు. ఎండు కర్ర బరువులో దాదాపు సగం కార్బన్, అదంతా ఆకులు గాలిలోంచి పట్టుకున్నదే. ఒక టన్ను ఎండు కర్ర తయారవ్వాలంటే చెట్టు సుమారు 1.8 టన్నుల బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) లోపలికి తీసుకోవాలి. బూడిదలో కనపడకుండా పొగతో వెళ్లిపోయేది నత్రజని. అది కర్రలో వెయ్యికి రెండు మూడు పాళ్లుంటే, పచ్చి ఆకు ఎండు బరువులో వందకి ఒకటిన్నర, రెండు పాళ్లుంటుంది. అంటే కర్ర అమ్మితే మనం చాలావరకు గాలిని అమ్ముకున్నట్టు. ఆకు, లేత కొమ్మ, బెరడు అమ్మితే పొలాన్ని అమ్ముకున్నట్టు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆకు పండి రాలేముందు చెట్టు అందులోని నత్రజని, భాస్వరంలో ఇంచుమించు సగం కొమ్మలోకి వెనక్కి లాక్కుంటుంది. ఆకు పసుపు రంగుకు తిరగడం వెనక జరిగేది ఆ పనే. కాల్షియం మాత్రం వెనక్కి రాదు, ఆకుతోనే రాలిపోతుంది. కాబట్టి చెట్టు కింద రాలిన ఆకు కంటే, కొట్టిన రోజున కొనల్లో పచ్చగా ఉన్న ఆకు రెండింతలు బలమైనది. మన దగ్గర కొట్టుడు బేరంలో మొదట పోయేవి ఆ పచ్చి కొనలే. మేస్త్రీ కర్రకి బేరం కుదుర్చుకుని, చివర్లో "కొనలు, మోడ్లు మావే కదా" అంటాడు. మనం తల ఊపేస్తాం. పోయినసారి నేనూ ఊపాను. కొనలు ఇటుక బట్టీకి వెళ్లాయి, మోడ్లు పెళ్లగించి పొయ్యిల్లోకి తీసుకుపోయారు, మిగిలిన రొట్టకి ఎవరో నిప్పు పెట్టారు. తర్వాత వేసిన మొక్కలు రెండేళ్లదాకా మోకాలు దాటి లేవలేదు. నేల సంగతి నాకు తెలిసింది అప్పుడే.

సరుగుడుని నేను మొదట నిలబెట్టేది దాని వేళ్లు చూసి. ఏడాది మొక్కని మట్టితో సహా మెల్లగా తవ్వి కడిగితే సన్నని వేళ్ల పక్కన అల్లం కొమ్ముల్లా ముద్దముద్దగా బుడిపెలు కనపడతాయి. వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉంటుంది. పప్పుజాతి మొక్కల వేళ్లలో రైజోబియం చేసే పనే ఇదీ చేస్తుంది, గాలిలోని నత్రజనిని చెట్టుకి అందిస్తుంది. బదులుగా చెట్టు తన ఆకుల్లో చేసుకున్న చక్కెరలో కొంత దానికి పంపుతుంది. ఉప్పుగాలి తగిలే ఇసుకలో, ఎరువు మొహం చూడని చోట కూడా సరుగుడు పచ్చగా నిలబడగలగడానికి ఈ ఒప్పందమే కారణం. నర్సరీలో పాత తోట కింది మట్టి గుప్పెడు బెడ్డులో కలపడం కూడా ఇందుకే. మొక్కలు కొనేటప్పుడు ఒక సంచి విప్పించి వేరు చూసి కొనండి. బుడిపెలు లేకపోతే వాళ్లు చెప్పే రకం పేరుతో మనకి పనిలేదు.

అలాగని సరుగుడుకి అన్నీ గాలిలోంచే రావు. ఆ బుడిపెలు పనిచెయ్యడానికి భాస్వరం కావాలి, అది నేలే ఇవ్వాలి. నాటేటప్పుడు గోతిలో కాస్త సూపర్ ఫాస్ఫేట్, పశువుల గెత్తం వెయ్యండి. యూరియా మీద డబ్బు పెట్టకండి. నత్రజని చేతికందితే చెట్టు ఆ జీవికి చక్కెర పంపడం తగ్గించేస్తుంది.

జామాయిల్ మీద అందరూ మొదట చేసే ఫిర్యాదు నీళ్లు. దాని వైపు కూడా న్యాయంగా చెప్పాలి. ఏ చెట్టైనా కార్బన్ కోసం ఆకు రంధ్రాలు తెరవాలి, తెరిస్తే లోపలి తేమ పోతుంది. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్లలో నాలుగే. 30 డిగ్రీల వేడిలో ఆకు లోపలి గాలిలో నీటి ఆవిరి పదివేలకి నాలుగు వందలు. నాలుగు పాళ్ల సరుకు కోసం నాలుగు వందల పాళ్ల సరుకున్న గోదాం తలుపు తెరిచినట్టు. అందుకే కిలో ఎండు పదార్థం చెయ్యడానికి చెట్లు కొన్ని వందల లీటర్ల నీళ్లు తాగుతాయి. ఈ లెక్కలో జామాయిల్ దుబారా మనిషి కాదు. తాగిన నీటికి తగ్గ కర్ర ఇస్తుంది. చిక్కంతా అది ఏడాది పొడవునా ఆపకుండా, లోతు నుంచి తాగడంలో ఉంది. మన రెండు జిల్లాల్లో ఏటా పడే వాన 1,100 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఎకరానికి లెక్కేస్తే సుమారు 44 లక్షల లీటర్లు. అందులో పారిపోయేది పోగా నేలలో దిగింది వేసవిదాకా దాచుకోవాలి. నేల లోతుగా ఉన్నచోట జామాయిల్ వేళ్లు ఆ దాచుకున్నదాన్ని కూడా తోడేస్తాయి. కర్ణాటకలో కొలతలు తీసినప్పుడు ఒకచోట తోట తాగిన నీరు ఆ ఏళ్లలో పడిన వానని మించింది. ఆ రాష్ట్రం 2017లో కొత్త తోటలు వెయ్యడాన్నే నిషేధించింది. పక్క చేను రైతు బావి ఎండితే అతని మొహం ఎలా చూస్తాం?

అయినా నేను జామాయిల్‌ని వద్దనుకున్నది నీళ్లకంటే బెరడు వల్ల. దాని బెరడులో సున్నం బాగా చేరుతుంది. పొలంలోనే ఒలిచి, ఆ తోలు సాళ్ల మధ్య పరిచేస్తే నష్టం కొంత తగ్గుతుంది. తోలుతో సహా లారీ ఎక్కిస్తే, నాలుగైదేళ్లకోసారి పిలకలు పెంచి మూడు కోతలు తీసేసరికి, అసలే సున్నం తక్కువగా ఉండే ఎర్ర గరువు ఏమవుతుందో ఆలోచించండి. నత్రజని బుడిపెలు దానికి లేవు. మళ్లీ నాటే పని లేకపోవడం ఒక్కటే దానికున్న గొప్ప సుఖం, అది నిజంగా పెద్ద సుఖమే.

జీడి లెక్క వీటికి భిన్నం, ఎందుకంటే జీడిలో మనం చెట్టుని అమ్మం. 80 కిలోల పిక్కల బస్తా పలాస జీడి మిల్లుకి వెళ్తే అందులో పప్పు 22 కిలోల దాకా ఉంటుంది. పప్పులో అయిదో వంతు మాంసకృత్తులు. ఆ పప్పుతో నేల దాటిపోయే నత్రజని సుమారు 700 గ్రాములు, కిలోన్నర యూరియాలో ఉన్నంత. పండ్లు చాలావరకు చెట్టు కిందే కుళ్లి వాటి పొటాష్ నేలకే ఇచ్చేస్తాయి. ఆకు అక్కడే రాలుతుంది. కాండంలో పట్టిన కార్బన్ దశాబ్దాలు చెట్టులోనే ఉంటుంది. కాగితానికి వెళ్లిన కర్రలో కార్బన్ కొన్నేళ్లకే మళ్లీ గాలిలో కలుస్తుంది. నేల వైపు నుంచి చూస్తే జీడిని మించింది లేదు.

కానీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామును ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం తీరంలోని తోటల సీమలో, ఎవరూ మరిచిపోలేరు. తిత్లీ తుపాను వెళ్లిపోయాక వజ్రపుకొత్తూరు, మందస వైపు తోటల్లో జీడిచెట్లు వేళ్లు పైకి తేలి పక్కకి ఒరిగి ఉన్నాయి. తాత నాటిన చెట్టు కింద కూర్చుని ఏడ్చిన వాళ్లని చూశాను. అంటు మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు, నిండు కాపుకి ఇంకా ఎక్కువ. సరుగుడు పడిపోతే నాలుగేళ్ల కష్టం పోతుంది. జీడి పడిపోతే ఒక తరం కష్టం పోతుంది. తీరానికి దగ్గరగా ఇసుక నేల ఉన్నవాళ్లు మొత్తం జీడి మీదే పెట్టొద్దని నేను చెప్పేది అందుకే.

టేకు అడుగుతారు. పాతికేళ్లు ఆగగలిగితే గట్టు మీద వేసుకోండి, తోటగా వద్దు. కొబ్బరికి నీళ్లుండాలి, గరువు మాట కాదు. మామిడి మంచిదే, కానీ విజయనగరం లోపలి మండలాల్లో బోరున్న వాళ్లకి.

నా రెండెకరాల్లో పై ఎకరం ఎర్ర నేల, కింది ఎకరం ఇసుక కలిసింది. పైన ఎనిమిది మీటర్ల ఎడంతో జీడి అంట్లు పెడుతున్నాను, ఎకరానికి 63 దాకా వస్తాయి. కింద మళ్లీ సరుగుడే, సముద్రం వైపు గట్టు మీద అదనంగా రెండు వరసలు గాలికి అడ్డం. ఈసారి కొట్టుడు బేరంలో ముందే చెప్పాను: కర్ర మాత్రమే నీది, కొనలు, మోడ్లు నావి. టన్నుకి కొంత తగ్గించి ఇస్తానన్నాడు, ఒప్పుకున్నాను.

కొట్టిన మర్నాడు మా వీధి పెద్దామె ఒకామె గోనెపట్టా పట్టుకుని వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఆ తోట రొట్టే వాళ్ల పొయ్యి. ఈసారి ఉంచేస్తానంటే మొహం చిన్నబోయింది. "ఆకే కదా బాబూ, ఇందల ఏటుంది?" అంది. గ్యాసు బండ కొనుక్కోలేని మనిషికి భాస్వరం గురించి చెప్పి వెనక్కి పంపడం నా వల్ల కాలేదు. "మూడు వారాలు ఆగమ్మా, ఆకు నాకు వదిలేసి పుల్లలన్నీ నువ్వే పట్టుకెళ్లు" అన్నాను. ఎండకి కొనలు గలగలలాడాక ఆమె, కోడలు వచ్చారు. ఒక్కో కొమ్మని పట్టుకుని నేలకేసి రెండుసార్లు విదిలిస్తే ఆకంతా రాలిపోయి పుల్ల చేతిలో మిగిలింది. రొట్ట కంటే పుల్లే ఎక్కువసేపు మండుతుందని ఆమే చెప్పింది. సాయంత్రానికి నేల మీద నాలుగు వేళ్ల మందాన గోధుమరంగు పరుపు మిగిలింది. ఆ పరుపులోనే గోతులు తీయిస్తున్నాను.