ఫ్రెడరిక్స్‌బోర్గ్ కోట చర్చిలో కొయ్య ఆర్గన్ విన్నాను

కోపెన్‌హాగన్ వైపు వచ్చేవాళ్లకు ఒక మాట. హిల్లెరోడ్‌లో ఫ్రెడరిక్స్‌బోర్గ్ కోట చూడాలనుకుంటే గురువారం పెట్టుకోండి. ఆ కోట చర్చిలో మధ్యాహ్నం అరగంటసేపు కాంపేనియస్ ఆర్గన్ (తిత్తుల గాలితో గొట్టాలు పలికే కీబోర్డు వాద్యం) వాయిస్తారు, బయల్దేరే ముందు టైమ్ ఒకసారి చూసుకోండి. నేను ఇప్పటికి రెండుసార్లు వెళ్లాను, రెండోసారి కోట గదులేవీ చూడలేదు, దీనికోసమే వెళ్లాను.

ఆర్గన్ అనగానే గోడంత ఎత్తు, గుండెలదిరే మోత అనుకుంటాం. ఇది అలాంటిది కాదు. ఎసాయస్ కాంపేనియస్ 1610లో పూర్తి చేసిన ఈ వాద్యం అసలు ఒక జర్మన్ డ్యూక్ గారి కోటలో విందులకు, నాట్యాలకు చేసింది. డ్యూక్ పోయాక ఆయన భార్య దీన్ని తన తమ్ముడు, డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కు ఇచ్చేసింది. బిగించడానికి వచ్చిన కాంపేనియస్ 1617లో హిల్లెరోడ్‌లోనే కన్నుమూశాడు.

1001 గొట్టాలు, అన్నీ కొయ్యవే. స్వరం పుట్టే ముందు పిల్లనగ్రోవికి పెదవి ఆనించినప్పుడు వచ్చే ఆ కొద్దిపాటి గాలి చప్పుడు కూడా వినిపిస్తుంది. ఒక స్టాపు (ఏ గొట్టాలు పలకాలో ఎంచుకునే పిడి) లాగితే మన పల్లెల్లో శ్రుతి కోసం ఊదే తిత్తిలా ఒకే స్వరం గుమ్మంటూ నిలబడిపోతుంది, దాని మీద నాట్యపు వరస నడుస్తుంది, నాకు ఒళ్లు జలదరించింది. కరెంటు మోటారు లేదు, వెనక ఒక మనిషి చేత్తో తిత్తులు నడుపుతుంటాడు. పాట ఆగినచోట కొయ్య కిర్రుమనడం విన్నాను.

శ్రుతి గురించి చెప్పకపోతే తప్పు. ఇది ఇప్పటి కీబోర్డుల శ్రుతి కాదు, మీన్‌టోన్ అనే పాత శ్రుతి పద్ధతి. షడ్జమంతో అంతర గాంధారం కలిస్తే, తంబురా మీటుతుంటే దానంతటదే పలికే గాంధారం ఉంటుందే, అలా వణుకు లేకుండా నిలుస్తుంది. అన్ని శ్రుతుల్లోనూ ఇంత హాయిగా పలకదు, కొన్ని మేళవింపులు పుల్లగా తగులుతాయి, కాబట్టి దీని మీద ఆ కాలపు సంగీతమే బాగుంటుంది.

శబ్దం చిన్నది, వీలైనంత దగ్గరగా కూర్చోండి. మొదటిసారి నేను దూరంగా కూర్చుని సగం పోగొట్టుకున్నాను. నా వెనక ఒకాయన మధ్యలో లేచి వెళ్తే ఆ బూట్ల చప్పుడులో సన్నటి స్వరాలన్నీ మునిగిపోయాయి. కదలకుండా అరగంట కూర్చోగలిగినవాళ్లే వెళ్లండి. ఈసారి మా నాన్న వచ్చినప్పుడు తీసుకెళ్తాను, నలభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్న మనిషి, ఆ గాంధారం ఆయన వినాలి.