పికప్‌కి రెండంగుళాల లిఫ్టు, పెద్ద టైర్లు: చెరువు గట్ల మీద కొన్నేళ్లు తిప్పాక

నా బండి చూసినవాళ్లు అడిగే మొదటి మాట "ఎన్ని అంగుళాలు లేపించావ్?" అనే. వెనకాల రోజూ ఎంత బరువేస్తావని అడిగినవాడు ఇంతవరకు తగల్లేదు. లిఫ్టు కిట్టు, అంటే బండిని ఎత్తు లేపే స్ప్రింగుల సెట్టు, కొనేముందు తేల్చుకోవాల్సింది అదండీ. ఎత్తు సంగతి ఆ తర్వాత.

బండి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 245/70 ఆర్16 టైర్లతో వచ్చిన పాత మోడల్. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువులకి మేత బస్తాలు, డీజిల్ క్యాన్లు, రిపేరుకొచ్చిన ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రాలు) మోస్తుంది. దీనికి 50 మిల్లీమీటర్ల స్ప్రింగ్ లిఫ్టు, 265/70 ఆర్16 ఆల్ టెరైన్ టైర్లు వేయించాను.

మొదట టైర్ల లెక్క చూడండి. పాత టైరు నిలువు ఎత్తు సుమారు 749 మి.మీ., కొత్తది 777. తేడాలో సగం, అంటే 14 మి.మీ., ఇరుసు కింద పెరుగుతుంది. వెనక డిఫరెన్షియల్‌కి, అంటే ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే గేర్ల డబ్బాకి, దక్కేది అంతే. లిఫ్టు లేపేది ఛాసిస్‌నీ బాడీనీ, వెనక ఇరుసుని కాదు. ధాన్యం ట్రాక్టర్లు తిరిగి గాళ్లు పడ్డ పుంతలో మధ్య మట్టి డిఫరెన్షియల్‌కి ఇంకా రాసుకుంటూనే ఉంటుంది. రెండంగుళాలు లేచింది కదా అని ధీమాగా దిగితే అక్కడే కూర్చుంటాం.

లిఫ్టు పనికొచ్చేది వేరే చోట. రోడ్డు మీంచి గట్టెక్కేటప్పుడు ముందు బంపరు తగలదు, ఫుట్‌స్టెప్పు వంగదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని నది దాటించే పడవ) ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వెనక బంపరు గీసుకునేది. నది నీరు తగ్గి ర్యాంపు వాలు పెరిగిన రోజుల్లో మరీను. ఇప్పుడా బాధ లేదు.

వెనక కమాన్ కట్టల దగ్గరే డబ్బుకి విలువ తెలిసేది. మంచి కిట్లలో ఖాళీ బండికి ఒకటి, ఎప్పుడూ ఓ మూడొందల కిలోలు ఉండే బండికి ఒకటి, అంతకు మించితే ఇంకొకటి అని వేర్వేరు కట్టలుంటాయి. నేను మధ్యది తీసుకున్నాను. మేత బస్తాలతో బండి సమంగా నిలబడుతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూడవు, వంతెన దిగేటప్పుడు వెనకభాగం ఊగదు. ఖాళీగా ఉంటే మాత్రం ప్రతి అతుకూ నడుముకి తెలుస్తుంది. భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వెనక సీట్లోంచి మా అమ్మ "ట్రాక్టరెక్కించావేంట్రా" అంది. వారంలో ఎక్కువ రోజులు ఖాళీగా తిరిగే బండైతే తేలిక కట్టే వేయించుకోండి, ఎత్తు ఓ అరంగుళం తగ్గినా ఫర్వాలేదు.

రోజూ లోడే అయితే, ముందు వైపు పట్టింపు లేకపోతే, కమాన్ షాపులో అదనంగా ఒక పట్టీ వేయించుకోవడంలో తప్పేం లేదు. కిట్టు ఖర్చులో నాలుగో వంతు కూడా అవదు. ముందు స్ప్రింగు మీద స్పేసరు పెట్టి లేపే చవక పద్ధతి మాత్రం నాకు నచ్చదు. మా బావ బండికి అదే వేశారు. ఎత్తు వచ్చింది, చక్రం కిందికి జారాల్సిన చోటు పోయింది. గుంటలోకి దిగినప్పుడల్లా షాక్ ఆఖరికి తగిలి టక్‌మంటుంది, ఆ దెబ్బ స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది.

ముందు వైపు రెండంగుళాలు దాటొద్దని చెప్పడానికి కారణముంది. ఎత్తు పెరిగేకొద్దీ ముందు చక్రాలని తిప్పే ఇరుసుల సీవీ జాయింట్లు వంకరగా తిరుగుతాయి, వాటి మీది రబ్బరు తొడుగులు (బూట్లు) తొందరగా చిట్లుతాయి, వాటిలోకి ఒక్కసారి ఇసుక నీరు దూరిందంటే జాయింటు పోయినట్టే. క్యాంబర్, క్యాస్టర్ అనే చక్రాల కోణాలు కూడా తప్పుతాయి. రెండంగుళాలకి నా బండిలో అలైన్‌మెంట్ బోల్టులతోనే సర్దుబాటైంది. అంతకు మించితే చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్‌లు మార్చాలి, ముందు డిఫరెన్షియల్ కిందికి దించాలి, అప్పుడు ఖర్చు ఇంకో కథ. లిఫ్టయ్యాక హెడ్‌లైట్లు దించించడం మర్చిపోకండి. కాలవ గట్టు రోడ్ల మీద రాత్రిపూట ఎదురొచ్చే బైకువాడికి కళ్లు చెదిరితే పక్కన ఉన్నది కాలవే. కొన్ని పికప్‌లలో లోడుని బట్టి వెనక బ్రేకు సర్దే వాల్వు ఉంటుంది, దాన్నీ సరిచేయించాలి. లేకపోతే బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది.

పెద్ద టైర్లతో మీటరు 80 చూపిస్తే బండి 83లో ఉంటుంది. లోడుతో వంతెన ఎక్కేటప్పుడు ఒక గేరు ముందే దించాలి. స్టీరింగ్ ఆఖరిదాకా తిప్పి వెనక్కి వస్తే టైరు అంచు మడ్‌ఫ్లాప్‌కి రాసుకునేది, ఫ్లాపుని కాస్త కోయించాను. రోడ్డు మీద అంతటితో సరిపోయింది. చెరువు గట్టు మీద సరిపోలేదు. వానాకాలం రేగడి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పొరలు పొరలుగా పట్టి, చివరికి టైరు మట్టినే రుద్దుకుంటూ తిరుగుతుంది. పుల్లతో గీకితే రాదు, పలుగు కావాలి. టైరు గాళ్లు కూడా నిండిపోయి నున్నగా అయిపోతాయి. అప్పుడు ఎంత లిఫ్టున్నా బండి చెరువు వైపే జారుతుంది, పైగా ఎత్తు పెరిగిన బండి వాలు గట్టు మీద ఎక్కువ ఒరుగుతుంది. తడి గట్టు మీద నేను ఫోర్ వీల్ వేసి, గాలి తగ్గించి, నడిచేంత వేగంతోనే పోతాను. వాన గట్టిగా కురిస్తే బండి రోడ్డు మీదే వదిలేస్తాను.

వరదనీటి మాట కూడా చెప్పాలి. లిఫ్టయిన బండి ఉందని కనకాయలంక కాజ్‌వే లాంటి చోట గోదావరి పొంగుతుంటే దిగే కుర్రాళ్లున్నారు. స్ప్రింగులు మార్చినంత మాత్రాన ఇంజన్‌కి నీటిలో గాలి అందదు, ప్రవాహం తోసే బలమూ తగ్గదు.

కిట్టు అమ్మేవాడు చెప్పని సంగతి ఇంకోటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇన్సూరెన్సు క్లెయిముకీ ఇదే అడ్డొస్తుంది. ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర కాగితం మీద జవాబు తీసుకున్నాకే బయానా ఇవ్వండి.

వేయించాక వెయ్యి కిలోమీటర్లలోపు కమాన్ కట్టని ఇరుసుకి పట్టే యూ బోల్టులు మళ్లీ బిగించాలి. పాలీయురేథేన్ బుష్షుల్లో మట్టి ఎండితే కీచుమంటాయి, కడిగి గ్రీజు పెడితే ఆగుతుంది. ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగిన రోజు సాయంత్రం కింద మంచినీళ్లు కొట్టకపోతే కమాన్ కట్టని ఛాసిస్‌కి కలిపే షాకిల్ బోల్టులు తుప్పుకి బిగుసుకుపోతాయి. నా బండికి ఎడమవైపు ముందు సీవీ బూటు మీద సన్నటి పగులు కనిపిస్తోంది, ధాన్యం సీజను లోపు మార్పించాలి.