గేర్ మారిస్తే టక్ మనే పాత క్వాలిస్, ఆటో నగర్‌లో ఈ షాపు వాళ్ళు గేర్‌బాక్స్ దించకుండానే లోపం పట్టుకున్నారు (5కి 4)

మాది 2003 క్వాలిస్ డీజిల్. టయోటా వాళ్ళు 2005లోనే దీన్ని ఆపేసి ఇన్నోవా తెచ్చారు గానీ మా ఇంట్లో పెళ్ళిళ్ళకైనా తిరుపతికైనా ఇప్పటికీ ఇదే. దీనికి కొన్నాళ్ళుగా ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చి క్లచ్ వదలగానే కింద టక్ మని గట్టిగా కొట్టేది, రివర్స్ వేసి కదిలినా అంతే. మా ఊళ్ళో ఒకతనికి చూపిస్తే బండి స్టార్ట్ కూడా చెయ్యకుండా "గేర్‌బాక్స్ పోయిందండీ, దించాలి, 30 వేలు అవుద్ది" అన్నాడు. అంత డబ్బు పెట్టే ముందు ఇంకొకరికి చూపిద్దామని విజయవాడ ఆటో నగర్‌లో గేర్‌బాక్సులూ క్రౌన్లూ (వెనక ఇరుసులో ఉండే గేర్లు) బాగుచేసే ఈ షాపుకి తీసుకెళ్ళాం.

ఇక్కడ పెద్ద మేస్త్రి అడిగిన మొదటి మాటే నాకు నచ్చింది. "సౌండు గేరు పడేటప్పుడా బాబూ, క్లచ్ వదిలేటప్పుడా?" అన్నాడు. ఈ రెండూ వేరు వేరు జబ్బులంట.

ముందు న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్ చేసి క్లచ్ తొక్కుతూ వదులుతూ విన్నాడు. తొక్కినప్పుడు సౌండ్ వస్తే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసేది), వదిలినప్పుడు గర్ మంటూ ఉండి తొక్కగానే ఆగిపోతే బాక్సులో ముందుండే బేరింగ్ మీద అనుమానం. మాకు రెండూ లేవు. తర్వాత ఇంజన్ ఆపి గేర్లన్నీ వేసి చూసి, మళ్ళీ ఆన్ చేసి వేశాడు. ఆపినప్పుడు మెత్తగా పడి ఆన్‌లో మాత్రం కరకరలాడితే క్లచ్ పూర్తిగా విడవట్లేదన్నమాట, అప్పుడు పెడల్ దగ్గర మాస్టర్ సిలిండరూ కింద ఉండే చిన్న సిలిండరూ లీకు ఉన్నాయేమో చూడాలి, అలా కాకుండా ఒక్క గేరుకే కరకర ఉంటే ఆ గేరు సింక్రో రింగు (గేరు మెత్తగా పడేలా చేసే ఇత్తడి రింగు) అరిగి ఉండొచ్చు, బాక్సు విప్పే మాట అప్పుడు. మాకు అన్ని గేర్లూ శుభ్రంగా పడ్డాయి.

అసలు విషయం రోడ్డు మీద తేలింది. థర్డ్‌లో పోతూ గేరు రాడ్ ముట్టుకోకుండా ఎక్సలేటర్ వదిలి మళ్ళీ తొక్కాడు, అదే టక్! గేరు మార్చకుండానే వస్తుంటే గేర్‌బాక్స్‌ని ఎందుకు అనుకోవాలి అని నవ్వాడు. షాపుకొచ్చి చక్రాలకి రాళ్ళు పెట్టి న్యూట్రల్ చేసి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిరుగుడు అందించే పొడవాటి రాడ్డు) వెనక ఉండే కీలు, అంటే క్రాస్‌ని రెండు వైపులా పట్టుకుని ఎదురెదురుగా తిప్పి చూపించాడు, చేతికే ఆడుతోంది, దాని బేరింగు కప్పుల చుట్టూ తుప్పు పొడి. గ్రీజు లేక సూది బేరింగులు ఎండిపోయాయంట, ఇంజన్ లాగుడు అటూ ఇటూ మారినప్పుడల్లా ఆ లూజంతా ఒక్కసారి వచ్చి కొడుతుంది, మనం గేరు మార్చేది కూడా సరిగ్గా అప్పుడే కాబట్టి తప్పు గేర్‌బాక్స్ మీదకి పోతుంది.

క్రాస్ మార్చారు. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే చోటు) మీద పెయింట్‌తో గుర్తు పెట్టుకుని మళ్ళీ అదే చోట బిగించారు, లేకపోతే బ్యాలెన్స్ పోయి స్పీడ్‌లో వణుకు రావొచ్చంట. ఇది చాలా చోట్ల చెయ్యరు, నేను చూశాను. గేర్ ఆయిల్ కూడా కొంచెం తీసి ఇత్తడి పొడి ఉందేమో చూశాడు, లేదు. డిఫరెన్షియల్‌కి (వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా) పోసే జీఎల్-5 అనే రకం ఆయిల్‌నే కొందరు గేర్‌బాక్స్‌లోనూ పోసేస్తారు, కొన్ని రకాలు ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి, మాన్యువల్‌లో ఏది ఉంటే అదే పొయ్యమన్నాడు.

మొత్తం ఖర్చు ఆ 30 వేలల్లో పదో వంతు కూడా కాలేదు. డిఫరెన్షియల్‌లో కొంచెం లూజు ఉంది, చిన్న టిక్ మిగిలింది, ఈ వయసు బండికి దాన్ని ముట్టుకోవద్దని ఆయనే చెప్పాడు, పని పెంచుకునే రకం కాదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే కూర్చోడానికి చోటు లేదు, ఫోన్ ఎత్తరు, బిల్లు అడిగితేనే రాస్తారు. క్రాస్ కంపెనీదా డూప్లికేటా అనేది కూడా ముందే అడగండి, చెప్తారు గానీ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. పొద్దున్నే వెళ్తే పెద్దాయనే రోడ్ టెస్ట్‌కి వస్తాడు, మధ్యాహ్నం అయితే కుర్రాళ్ళు వస్తారు, పని బాగానే చేస్తారు గానీ ఆయన చెవి వాళ్ళకి ఇంకా రాలేదు. ఆదివారం సెలవు.