చేప టాకోలోకి మామిడి మేలా, అనాస మేలా?

ఇంట్లో చేప టాకో చేద్దామనుకోగానే ముందు చేప కొంటాం, తర్వాత రొట్టె సంగతి చూస్తాం. పండ్ల సల్సా మాత్రం ఆఖర్న ఇంట్లో ఏ పండుంటే దాంతో కానిచ్చేస్తాం. ఈ వరస మారాలి. ముందు పండు తేలాలి, పండుని బట్టి చేప, చేపని బట్టి వండే పద్ధతి. బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఉండే మనకి ఇది మరీ ముఖ్యం. ఇక్కడ మామిడి కాలం, అనాస కాలం, సముద్రంలో వేట సాగే కాలం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి.

టాకో తినని వాళ్ళ కోసం రెండు మాటలు. మెక్సికోకి పసిఫిక్ వైపున్న బాహా కాలిఫోర్నియాలో ఎన్సెనాదా అనే రేవు ఊరు చేప టాకోకి పేరుపడింది. పిండిలో ముంచి వేయించిన చేప ముక్క, సన్నగా తరిగిన క్యాబేజీ, పుల్లటి తెల్ల సాస్, పైన నిమ్మరసం. వీటిని చిన్న మొక్కజొన్న రొట్టెలో మడిచి చేత్తో తింటారు. అందులో పండు ఉండి తీరాలని లేదు. ఉంటే మాత్రం సల్సాగా ఉంటుంది. పండు ముక్కలు, ఉల్లిపాయ, గింజలు తీసిన పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు కలిపితే అదే. చేపలో పండేమిటి అనేవాళ్ళు మన మామిడికాయ చేపల పులుసు గుర్తు తెచ్చుకోవాలి. పక్కింటి ఒడియావాళ్ళు అంబులా, అంటే ఉప్పు పెట్టి ఎండబెట్టిన మామిడి ముక్క, వేసి చేప వండుతారు. ఈ ప్రాంతంలో చేప పక్కన మామిడి ఎప్పుడూ ఉన్నదే.

మామిడితో మొదలుపెడతాను. సల్సాకి రసాలు పనికిరావు. రసం కారి రొట్టె నానిపోతుంది, పీచు పళ్ళల్లో ఇరుక్కుంటుంది. బాగా పండిన బంగినపల్లి కూడా వద్దు, దాని తీపి ముందు చేప రుచి తెలియదు. కావలసింది దోరకాయ. బంగినపల్లి అయినా, సువర్ణరేఖ అయినా, కలెక్టర్ అయినా ముచ్చిక దగ్గర నొక్కితే కొంచెం మాత్రమే లొంగాలి. కోస్తే టెంక చుట్టూ పసుపు తిరిగి, తొక్క వైపు ఇంకా తెల్లగా ఉండాలి. ఆ కాయని చిటికెన వేలి గోరంత ముక్కలు కోస్తే నమిలేటప్పుడు ముందు పులుపు, వెనకాలే తీపి తగులుతాయి. నా ఓటు కలెక్టర్‌కి. జ్యూస్ ఫ్యాక్టరీల కాయ అని చాలామంది దాన్ని పక్కన పెడతారు గానీ, దోరగా ఉన్నప్పుడు ముక్క గట్టిగా నిలబడేది అదే. ఏ కాయ అయినా ఉప్పు మాత్రం వడ్డించే ముందే వేయాలి. ముందే వేస్తే ముక్కలు నీరు వదిలి గిన్నె అడుగున పులుసు మిగులుతుంది.

మామిడికి చిక్కంతా చేప దగ్గర వస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మర పడవల వేట ఆపేస్తారు. మన రుషికుల్య నది ముఖద్వారం దగ్గరైతే సముద్ర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా మరో నిషేధం ఉంది. ఇంజన్ లేని నాటు పడవలు తెచ్చేది ఊరందరికీ చాలదు. అంటే బజారులో మామిడి రాశులు పోసి ఉన్న రోజుల్లోనే సముద్రపు చేప తక్కువ. ఉన్నా ఖరీదు, లేదంటే ఐసులో ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియని సరుకు. ఎండాకాలంలో దాని వెంట పడడం డబ్బు దండగ. చిలికా సరస్సు వైపు చూడండి. రంభ, బాలుగాం దగ్గర పట్టే పండుగప్ప, ఇక్కడ అందరూ భేక్టి అనే చేప, తెల్లగా ఉండి ఉడికాక పొరలు పొరలుగా విడిపోతుంది. ముల్లు తక్కువ, నీచు తక్కువ. దోరమామిడి లేత పులుపుకి ఇంతకన్నా మంచి జత నాకు కనపడలేదు. అంత ధర పెట్టలేకపోతే కొరమీను తీసుకుని నడిముల్లు తీయించండి. శీలావతి, బొచ్చె మాత్రం వద్దు. పులుసులో వాటికి సాటి లేదు, కాదనను. కానీ వాటి కండలో సన్నటి చీలిక ముళ్ళు దాగి ఉంటాయి. అన్నంలో అయితే వేళ్ళతో ఏరుకుంటాం. మడిచి కొరుక్కు తినే టాకోలో ఆ వీలు ఉండదు, పిల్లల చేతికి ఇస్తే ఇంకా ప్రమాదం.

జూన్ మధ్యలో వేట మళ్ళీ మొదలవుతుంది. అప్పటికి మామిడి చివరికొచ్చి, సీతంపేట కొండల అనాస దిగుతుంది. పాతపట్నం దాటితే పర్లాకిమిడే కాబట్టి ఆ పండు మనకి దూరం కాదు. చిన్నదే గానీ తొక్క తీస్తుంటేనే ఇల్లంతా వాసన వచ్చే పండు. మామిడి పులుపు నెమ్మదిగా తెలుస్తుంది, అనాస పులుపు నాలుకని వెంటనే పట్టుకుంటుంది. అందుకే నూనెలో వేయించిన చేపకి, ఒంట్లోనే కొవ్వున్న చేపకి అనాస సరిపోతుంది. కానాగంతలు ఉన్నాయి చూడండి, వాటి ఘాటు ముందు మామిడి తేలిపోతుంది. అనాస పడితే ఆ కొవ్వు నోట్లో మిగలదు, ఇంకో ముక్క తినాలనిపిస్తుంది. గోపాలపూర్ తాజా కానాగంతలు వంజరం ధరలో ఏ కొంతో ఉంటాయి, ముల్లు కూడా సులువుగా ఊడి వస్తుంది. వంజరం వేపుడికి గొప్పదే గానీ, సన్న ముక్కలు చేసి టాకోకి వాడితే తొందరగా బిరుసెక్కుతుంది. దాన్ని కారం పట్టించి పెనం మీద పెద్ద ముక్కగా తినడమే న్యాయం.

అనాసతో ఒక జాగ్రత్త ఉంది, ఇది తెలియక చాలామంది చేపనే పాడుచేసుకుంటారు. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసకృత్తుల్ని విడగొడుతుంది. ఎక్కువ తింటే నాలుక మండడానికి అదీ ఒక కారణం. మెత్తబడుతుందని చేప ముక్కలకి అనాస రసం పట్టిస్తే కాసేపటికి పైపొర పేస్టులా అయిపోతుంది. అదే అనాసని పెరుగులో కలిపి ఉంచితే పెరుగు చేదెక్కుతుంది. రెండింటికీ మందు వేడే. అనాసని అర అంగుళం చక్రాలుగా కోసి, నూనె చుక్క లేకుండా ఇనప పెనం మీద పరవండి. అడుగున గోధుమరంగు మచ్చలు పడేదాకా కదపకుండా ఉంచి, తిరగేసి, లోపలి దాకా వేడెక్కనిచ్చి దించండి. ఎంజైమ్ పని అయిపోతుంది, తీపి చిక్కబడుతుంది, కొంచెం పొగ వాసన కూడా పడుతుంది. చల్లారాక ముక్కలు చేసి ఉల్లి, మిర్చి కలపండి. పెనం మీద పడని అనాస సల్సాని నేను సిఫారసు చేయను.

మిగతా పండ్ల గురించి ఎక్కువ చెప్పను. పుచ్చకాయలో నీళ్ళే. బొప్పాయి దోరగా ఉంటే ఫరవాలేదు గానీ పులుపు లేదు, నిమ్మకాయలు రెండు ఎక్కువ పిండాలి. చలికాలంలో మాత్రం దోరజామ మంచి మాట, గింజల భాగం తీసేసి చుట్టూ ఉన్న కండ వాడాలి.

చేపని పిండిలో ముంచి వేయించాలా, పెనం మీద కాల్చాలా అన్నది పండుతోనే తేలిపోతుంది. మామిడి రోజుల్లో పెనం. ఉప్పు, కారం, పసుపు, కొంచెం జీలకర్ర పొడి, నిమ్మరసం పట్టించి పది నిమిషాలు ఆగి, బాగా వేడెక్కిన పెనం మీద రెండు వైపులా రెండేసి నిమిషాలు. అనాస రోజుల్లో పిండి. బజ్జీలకి కలిపినట్టు శనగపిండి కలపకండి, దాని రుచి చేపని మింగేస్తుంది. రెండు పాళ్ళు మైదా, ఒక పాలు బియ్యప్పిండి, చిటికెడు బేకింగ్ పౌడర్, ఉప్పు. ఐసులో పెట్టిన సోడాతో వేయించే ముందు మాత్రమే కలపాలి. ముక్కకి పల్చగా అంటుకుని జారిపోకుండా ఉంటే చాలు. బాహాలో ఇక్కడ బీరు వాడతారు, సోడాలోని గ్యాసు కూడా ఆ పనే చేసి పొర గుల్లగా పొంగుతుంది. ముక్కల ఆకారం చేప కోయించేటప్పుడే చెప్పాలి. "పులుసుకా, ఫ్రైకా బాబూ?" అని అడిగితే, "ఫ్రైకే గానీ అడ్డంగా వద్దు పెద్దమ్మా, ముల్లు తీసి పొడుగ్గా కొయ్యి" అనాలి. బొటనవేలంత మందం, వేలంత పొడవు ఉంటే రొట్టెలో సరిగ్గా కూర్చుంటుంది.

రొట్టె దగ్గర రెండు దారులు. షాపులో దొరికే మామూలు మొక్కజొన్న పిండితో చేస్తే వేడినీళ్ళు పోసినా మడత దగ్గర పగులుతుంది. మెక్సికోవాళ్ళు గింజని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టాకే రుబ్బుతారు. ఆ సున్నం వల్ల గింజ పైపొట్టు ఊడుతుంది, పిండికి జిగురు వస్తుంది, గింజలో బందీగా ఉన్న నియాసిన్ అనే విటమిన్ కూడా ఒంటికి పడుతుంది. అర కిలో ఎండు మొక్కజొన్న గింజలకి 5 గ్రాముల తినే సున్నం పొడి, లీటరున్నర నీళ్ళు. కిళ్ళీ సున్నం తడిగా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. గోడలకి వేసే సున్నం జోలికి పోవద్దు. సిల్వర్ గిన్నె, అంటే అల్యూమినియంది కూడా వాడొద్దు, సున్నం దాన్ని తినేస్తుంది. స్టీలుదే పెట్టండి. అరగంట పైన సన్నని సెగ మీద ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున పొట్టు పోయేలా చేత్తో రుద్ది కడిగి గ్రైండర్‌లో గట్టిగా రుబ్బాలి. నిమ్మకాయంత ముద్దని రెండు పాల కవర్ల మధ్య పెట్టి పళ్ళెంతో నొక్కి, వేడి పెనం మీద రెండు వైపులా కాలిస్తే రొట్టె సిద్ధం. ఇంత శ్రమ వేయించిన చేపకీ అనాసకీ తగినదే, ఆ మొక్కజొన్న వాసన లేకపోతే వాటి పక్కన ఏదో లోటు తెలుస్తుంది. పెనం చేపకీ మామిడికీ మాత్రం పల్చటి చిన్న గోధుమ చపాతీ చాలు. ఉత్తర మెక్సికోలో గోధుమ రొట్టె టాకోలు ఉన్నవే, కాబట్టి తక్కువ పని చేశామన్న బెంగ అక్కర్లేదు.

సాస్‌కి మయోనీస్ డబ్బా కొనకండి. గుడ్డలో కట్టి నీరు ఓడ్చిన పెరుగులో పావు చెంచా ఆవపిండి, ఉప్పు, ఒక వెల్లుల్లి రెబ్బ నూరి కలిపితే మన పెరుగు పచ్చడి ఘాటు, ఒడియావాళ్ళ బెసర, అంటే ఆవముద్ద వేసి చేసే కూర, వాసన రెండూ ఉంటాయి. మామిడికి ఇది బాగా నప్పుతుంది. అనాసకి ఆవ సగానికి తగ్గించండి.

రెండింట్లో ఒకటే చెప్పమంటే నాది అనాస, కానాగంత, మొక్కజొన్న రొట్టె. రుచుల మధ్య పోటీ అందులోనే ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే మామిడి, పండుగప్ప, చపాతీ మేలు, అందరూ తినగలరు. తేల్చుకోలేకపోతే జూన్ ఆఖరి వారం దాకా ఆగండి. కలెక్టర్ కాయలు ఇంకా ఉంటాయి, అనాస వచ్చేసి ఉంటుంది, పడవలు సముద్రంలోకి వెళ్ళి ఉంటాయి. ఒకే చేపని సగం పెనం మీద, సగం పిండిలో వేయించి, రెండు సల్సాలూ బల్ల మీద పెట్టి ఎవరి టాకో వాళ్ళని మడుచుకోమనండి. ఏ గిన్నె ముందు ఖాళీ అవుతుందో చూస్తే మీ ఇంటి ఓటు ఎటో తెలిసిపోతుంది.